దండి భక్తుని త్రాడు
(వికలాంగ బాలల విద్య – శరణ ధర్మము)



అరువది మువ్వురు పురాతనుల చరితలు మన ఇండ్లలో తరతరములుగా వినవచ్చుచున్నవి. కన్నప్ప కథ ఎరుగని వీరశైవ శిశువు లేడనవచ్చును. ఆతడు తన కన్నులను శివునకు సమర్పించిన భక్తుడు. ఆ పురాతనులలోనే పుట్టుకతో కన్నులు లేని భక్తుడు ఒకడు కలడు. ఆతని పేరు దండి, ఆతనిది తిరువారూరు. 12వ శతాబ్దిలో సేక్కిళారు తమిళమున రచించిన పెరియపురాణమునందు ఆతని చరిత్ర కలదు. మన పిల్లలకు ఈ కథ అంతగా తెలియదు గనుక నేటి పాఠమును దీనితో ప్రారంభించుచున్నాను.

తిరువారూరు కోనేరు నానాటికి ఇరుకగుచుండగా, దానిని త్రవ్వి విశాలము చేయవలెనని దండి సంకల్పించెను. చూపు లేనివాడు ఎట్లు త్రవ్వును? త్రవ్విన మట్టిని గట్టునకు ఎట్లు చేర్చును? ఆతడు కోనేటిలో తాను త్రవ్వు చోట ఒక గుంజ పాతెను. గట్టు మీద మట్టి పోయు చోట మరియొక గుంజ పాతెను. రెంటికిని నడుమ ఒక త్రాడు కట్టెను. మట్టి తట్టను ఎత్తుకొని, త్రాటిని చేతితో తడవుకొనుచు గట్టెక్కి పోసి, మరల ఆ త్రాటి వెంటనే దిగివచ్చెడివాడు. చూచినవారు పరిహసించిరి. ఆతడు పని మానలేదు. తుదకు శివానుగ్రహమున ఆతనికి చూపు వచ్చినదని పురాణము చెప్పుచున్నది.

మనము పురాణశ్రవణము చేయునపుడు కథ తుదనున్న మహిమను తలచి చేతులు జోడింతుము. అది ఉచితమే. కాని ఉపాధ్యాయుడనగు నా దృష్టి కథ నడుమ నిలిచిపోవును. చూపు రాకముందే పని జరిగినది. ఆ పనిని సాధ్యము చేసినవి రెండు గుంజలు, ఒక త్రాడు. కోనేరు అందరికిని ఒక్కటే, గట్టు ఒక్కటే, మట్టి ఒక్కటే. దండికి అదనముగా కావలసినది ఆ త్రాడు మాత్రమే.

నేడు విద్యాశాఖవారు “సహిత విద్య” అని వ్యవహరించుచున్నది ఈ త్రాటినే. కన్ను, చెవి, కాలు, మాట, బుద్ధివికాసము – వీనిలో ఏదేని లోపముగల బాలుడు తన వాడలోని తోటి బాలురతో కలసి ఒకే బడిలో, ఒకే తరగతిలో చదువుకొనుట సహిత విద్య. ఆతనిని తెచ్చి గది మూల కూర్చుండబెట్టిన మాత్రమున అది సిద్ధింపదు. ఆతడు పాఠమును అందుకొనుటకు తగిన త్రాటిని బడి కట్టవలెను.

మన దర్శనమేమి చెప్పుచున్నది?

వికలాంగ శిశువు జన్మించిన ఇంట మొదట వినబడు మాట “పూర్వజన్మ కర్మము” అనునది. ఆ మాట తల్లి చెవిన పడిన దినమునుండి ఆమె తల వంచుకొని తిరుగును. ఇంట శుభకార్యమైనచో ఆ బిడ్డను లోపలి గదిలో ఉంచుదురు. మఠములో ఉత్సవమైనచో ముసలివారికి అప్పగించి మిగిలినవారు వచ్చెదరు. ఇది మన ఇండ్లలో జరుగుటలేదని మనము గుండెపై చేయి వేసికొని చెప్పలేము.

లింగధారికి జాతి, జనన, మరణ, ఉచ్ఛిష్ట, రజస్సూతకములు ఐదును లేవని మన ఆచార్యులు ఉపదేశించిరి. పుట్టుక వలన మైల అంటదని నమ్మినవారమే మనము. అట్టి మనము ఒక శిశువు పుట్టుకను సిగ్గుగా ఎంచుట ఎట్లు? శిశువునకు లింగధారణ చేయునపుడు గురువు ఆ శిశువు కాలు చక్కగానున్నదా, చెవి వినునా అని పరీక్షింపడు. దేహమే దేవాలయమను మాట మనము నిత్యము చెప్పుకొనుచున్నాము. ఒక ఆలయమున ఒక స్తంభము ఒరిగియున్నంత మాత్రమున అందలి లింగమునకు పూజ మానుదుమా?

వైద్యులు ఈ లోపములకు కారణములు చెప్పుచున్నారు. నెలలు నిండకుండ పుట్టుట, కాన్పు సమయమున ప్రాణవాయువు అందకపోవుట, పసిరికలు ముదిరి మెదడునకు సోకుట, గర్భిణికి రుబెల్లా వ్యాధి సోకుట, మేనరికపు పెండ్లిండ్ల వలన కొన్ని వంశానుగత దోషములు బయటపడుట – ఇట్టివి పెక్కు కలవు. ఒక తరము క్రిందట మన వీధులలో తరచుగా కానవచ్చిన పోలియో నేడు లేదు. 2011 జనవరి తరువాత ఈ దేశమున సహజ పోలియో కేసు నమోదు కాలేదు. 2014 మార్చిలో భారతదేశము పోలియో రహితమని ప్రకటింపబడినది. పోలియో కర్మఫలమే అయియుండినచో రెండు చుక్కల మందుతో తొలగియుండునా?

బసవేశ్వరుడు నేర్పిన కాయకతత్త్వము మరింత ముఖ్యమైనది. కల్యాణమునందలి అనుభవమంటపములో మడివాళ మాచయ్య బట్టలుతికెడివాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపెడివాడు. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనెడివాడు. కాయకము లేని శరణుడు లేడు. విద్యార్థికి చదువే కాయకము. వికలాంగ బాలుని చదువు మాన్పించి, “పాపము, వానికెందుకు శ్రమ” అని జాలితో అన్నము పెట్టి కూర్చుండబెట్టుట వాని కాయకమును హరించుట. జాలి చూపువారికి తాము చేయుచున్నది అపహరణమని తోచదు. అందుచేతనే అది మరింత ప్రమాదకరము.

మన మఠములలోని ఉదాహరణము

ఇది కేవలము సిద్ధాంతము కాదు. కర్ణాటకమున గదగునందలి వీరేశ్వర పుణ్యాశ్రమమును మనలో పలువురు దర్శించియుందురు. దాని స్థాపకులు పంచాక్షర గవాయిగారు (1892–1944) అంధులు. హానగల్లు కుమారస్వాములవారు ఆ బాలునియందలి సంగీతప్రతిభను గుర్తించి విద్య చెప్పించిరి. ఆయన అనంతరము ఆశ్రమభారము వహించిన పుట్టరాజ గవాయిగారు (1914–2010) సైతము పసితనముననే చూపు కోల్పోయినవారు. హిందుస్తానీ సంగీతమునందును, వాద్యములందును, గ్రంథరచనయందును ఆయన కృషి లోకవిదితము. 2010లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించినది. ఆ ఆశ్రమములో అంధ బాలురు, అనాథలు, పేదలు కులమతభేదము లేక అన్నమును, విద్యను పొందుచున్నారు.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. కుమారస్వాములవారు ఆ బాలునిపై జాలిపడి ఒక పూట భోజనము పెట్టి పంపివేసియుండినచో గదగు ఆశ్రమము లేదు. వారు బాలుని చేతికి విద్య అను త్రాటిని అందించిరి. ఆ త్రాడు ఒక శిష్యునినుండి మరియొక శిష్యునికి అందుచు నూరేండ్లుగా నడచుచున్నది.

ఒక ఉపాధ్యాయుని దోషము

ఇతరులకు చెప్పుటకు ముందు నా దోషమును చెప్పికొనుట ధర్మము. పాతనగరమునందలి ఒక బడిలో నేను తెలుగు చెప్పుచుండగా ఆరవ తరగతిలో ఒక బాలిక వెనుక వరుసలో కూర్చుండెడిది. పిలిచినను పలుకదు. ఉక్తలేఖనము చెప్పినచో సగము పుట ఖాళీగా విడుచును. నేను ఆమెను మందమతియని నిర్ణయించితిని. పలుమారులు నిలబెట్టితిని. తక్కిన పిల్లలు నవ్వినపుడు వారింపలేదు.

రెండవ యేట ఒకనాడు ఆమె ఉక్తలేఖనపు పుస్తకమును దిద్దుచు ఒక వింతను గమనించితిని. నేను తరగతికి ఎదురుగా నిలిచి చెప్పిన వాక్యములన్నియు ఆమె తప్పులేక వ్రాసినది. నల్లబల్ల వైపు తిరిగి చెప్పిన వాక్యములు మాత్రమే లేవు. ఆమె నా పెదవులను చూచి వ్రాయుచున్నది! చెవులను పరీక్ష చేయింపగా రెండు చెవులకును వినికిడి చాల తక్కువ అని తేలినది.

మరునాటినుండి నేను చేసినవి మూడు పనులు. ఆమెను ముందు వరుసలోనికి, వెలుతురు నా ముఖముపై పడు వైపునకు మార్చితిని. నల్లబల్లపై వ్రాయునపుడు నోరు మూసికొని వ్రాసి, పిమ్మట తరగతి వైపు తిరిగి చదువుట అలవరచుకొంటిని. ప్రక్కనున్న బాలికను ఆమె పుస్తకమునకు తోడుగా నియమించితిని. ఈ మూడింటికిని ఒక్క పైసా ఖర్చు కాలేదు. తరగతిలోని తక్కిన పిల్లలకు సైతము పాఠము మునుపటికంటె స్పష్టముగా వినబడసాగినది. కాని గడచిన ఆ రెండేండ్లను నేను ఆమెకు తిరిగి ఈయలేకపోతిని. లెక్కలలో ఆమె వెనుకబాటు చివరివరకును పూర్తిగా తీరలేదు. త్రాడు కట్టుట ఎంత సులభమో, ఆలస్యమైనచో నష్టమెంతటిదో నాకు తెలియజెప్పినది ఆ బాలికయే.

చట్టము నడచిన దారి

నాడు నాకు తెలియకపోయినను, రాజ్యము ఈ విషయమున కొంత దూరము నడచియున్నది. 1974లో కేంద్ర ప్రభుత్వము వికలాంగ బాలలను సాధారణ పాఠశాలలలో చేర్చుటకు ఒక పథకమును ప్రారంభించినది. 1986 జాతీయ విద్యావిధానము దానిని సమర్థించినది. 1994 జూన్‌లో స్పెయిన్ దేశమునందలి సలమాంకా నగరమున 92 ప్రభుత్వముల ప్రతినిధులు సమావేశమై, సాధారణ పాఠశాల ప్రతి బిడ్డకును చోటీయవలెనని ప్రకటించిరి. 1995లో మన పార్లమెంటు వికలాంగుల చట్టమును చేసినది. అందు 7 విధముల వైకల్యములు పేర్కొనబడినవి.

2009 విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చి, 6 మొదలు 14 ఏండ్ల వరకు గల ప్రతి బిడ్డకును ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసినది. 2012 సవరణలో వికలాంగ బాలలు స్పష్టముగా చేర్చబడిరి. 2016 వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. అందు వైకల్యములు 21గా పెరిగినవి. 40 శాతము గాని అంతకు మించి గాని వైకల్యము గల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు, సమీపమునందలి బడిలో గాని తాను కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. ప్రభుత్వ సహాయము గాని గుర్తింపు గాని పొందిన ఏ విద్యాసంస్థయు వైకల్యమును కారణముగా చూపి ప్రవేశమును నిరాకరింపరాదు. భవనము, ప్రయాణ సదుపాయము, బోధనవిధానము, పరీక్షలో అదనపు సమయము, లేఖకుని సహాయము – ఇవి దయాధర్మములు కావు, హక్కులు.

చట్టమున్నను ఆచరణకు మనుష్యులు కావలెను గదా. ప్రత్యేక ఉపాధ్యాయుల కొరత తీవ్రమైనదని గుర్తించి, 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తికి ప్రమాణములను ప్రకటింపవలెనని కేంద్ర ప్రభుత్వమును ఆదేశింపగా, 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక తరగతులలో 10 మంది వికలాంగ బాలలకు ఒకరు, ప్రాథమికోన్నత తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండవలెనని నిర్దేశించినది. తెలుగు రాష్ట్రములలో “భవిత” కేంద్రముల ద్వారా ప్రత్యేక శిక్షణ, ఫిజియోథెరపీ, కదలలేని బిడ్డకు ఇంటివద్దనే బోధన జరుగుచున్నవి. ఈ సదుపాయముల సంగతి తెలియని కుటుంబములు మనలో ఎన్ని కలవో ప్రతి మఠమును విచారింపదగును.

ప్రత్యేక పాఠశాలయా, వాడలోని బడియా?

తల్లిదండ్రులు తరచుగా అడుగు ప్రశ్న ఇది. మన పాతనగర ప్రాంతమున దారుషిఫాలో అంధ బాలురకును, మలక్‌పేటలో అంధ బధిర బాలలకును ప్రభుత్వ పాఠశాలలు కలవు. దారుషిఫా అనగా ఆరోగ్యగృహము. కుతుబ్‌షాహీల కాలమున అచ్చట వైద్యాలయముండుటచేత ఆ పేరు వచ్చినది. బుద్ధిమాంద్యము గల బాలల కొరకు 1984లో సికింద్రాబాదునందు జాతీయ సంస్థ ఏర్పడినది. ఇవి మన నగరమునకు భాగ్యము. బ్రెయిలీ లిపిని, సైగల భాషను, తనంత తాను నడచు విధమును నేర్పుటకు నిపుణులు కావలెను. ఆరు చుక్కల కూర్పుతో తెలుగు, కన్నడము, మరాఠీ మొదలగు భాషలన్నియు వ్రాయుటకు వీలగు భారతీ బ్రెయిలీ 1951 నుండి వాడుకలో నున్నది.

అయినను ప్రత్యేక పాఠశాల గమ్యము కాదు, గట్టెక్కించు గుంజ. తెలుగువాడైన బొల్లా శ్రీకాంత్ జీవితము ఇందుకు నిదర్శనము. మచిలీపట్నము ప్రాంతమునందలి సీతారామపురమున అంధునిగా పుట్టిన ఆ బాలుడు ఊరి బడిలో చివరి బల్లపై కూర్చుండి, పలుకరించువారు లేక గడపెను. హైదరాబాదులోని అంధుల పాఠశాలలో చేరిన పిమ్మట అతని ప్రతిభ వికసించెను. కాని పదవ తరగతి ముగిసిన తరువాత ఇంటర్మీడియెట్‌లో విజ్ఞానశాస్త్రము చదువుటకు అంధుడను కారణమున అనుమతి లభింపలేదు. న్యాయస్థానమునకు పోయి ఆ అనుమతిని సాధించెను. ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి తిరిగి వచ్చి, హైదరాబాదున పరిశ్రమ స్థాపించి ఇతరులకు పని కల్పించుచున్నాడు.

ఆతని కథలో మొదటి బడి చోటిచ్చినది గాని త్రాడు కట్టలేదు. రెండవ బడి త్రాడు కట్టినది. ఆ త్రాడు పట్టుకొని వచ్చినవానికి తరువాతి తలుపు మూసియున్నది. ఒక్క బిడ్డకు రెండును కావలెను – తెరచిన తలుపు, కట్టిన త్రాడు. ఏ బిడ్డకు ఎన్నాళ్లు ప్రత్యేక శిక్షణ కావలెనో నిపుణులను, ఆ బిడ్డను అడిగి నిర్ణయింపవలెను. ఇరుగుపొరుగు మాటను బట్టి కాదు.

మనము చేయదగినవి

ఇంటియందు: శిశువు శబ్దమునకు తల త్రిప్పుచున్నదా, దీపమును చూపుతో అనుసరించుచున్నదా, కాలమునకు మెడ నిలుపుచున్నదా అని తొలి నెలలలోనే గమనింపుడు. మాట నేర్చు వయస్సు మించిపోకముందే పరీక్ష చేయింపుడు. వైకల్య ధ్రువపత్రమును పొందుడు. కుంటి, గ్రుడ్డి, మూగ అను మాటలతో బిడ్డను పిలువకుడు. బిడ్డకు గురువు పెట్టిన పేరున్నది. లింగపూజకు కూర్చుండునపుడు ఆ బిడ్డను మీ ప్రక్కనే కూర్చుండబెట్టుడు.

బడియందు: పాతనగరములో పలు బడులు ఇరుకు సందులలో, ఎత్తు గడపలుగల పాత ఇండ్లలో నడచుచున్నవి. ర్యాంపు కట్టుటకు చోటు లేదనుట నిజమే కావచ్చును. నడువలేని బిడ్డ ఉన్న తరగతిని మేడ మీదినుండి క్రిందికి మార్చుటకు చోటు అక్కరలేదు, మనస్సు కావలెను. మరుగుదొడ్డి సంగతి మొదట చూడవలెను. దానికై సిగ్గుపడి బడి మానిన బాలికలు కలరు. చూపు తక్కువైన బిడ్డకు పెద్ద అక్షరములతో వ్రాసి ఈయుడు. నిదానముగా నేర్చు బిడ్డకు పాఠమును చిన్న మెట్లుగా విభజింపుడు.

మా తెలుగు పండితులకు ఒక మాట. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును సామాన్యులకు అందవలెనని దేశి ఛందస్సైన ద్విపదలో, జానుతెనుగులో రచించెను. వినువానికి తగినట్లు చెప్పుట విద్వత్తునకు లోటు కాదని ఆ మహాకవియే నిరూపించెను.

మఠమునందు: దాసోహ పంక్తిలో క్రింద కూర్చుండలేనివారికి బల్ల వేయుడు, ఆ బల్లను వేరొక మూల గాక పంక్తియందే వేయుడు. మెట్లకు ప్రక్కగా వాలు కట్టుడు. పురాణ ప్రవచనమునకు బధిరులు వచ్చినచో ముందు వరుస ఈయుడు. విద్యార్థి నిలయములు నడుపు మఠములు ప్రతి సంవత్సరము కొన్ని స్థానములను వికలాంగ బాలలకు కేటాయించి, వారికి తక్కిన బాలురతో పాటే పనులు అప్పగింపవలెను. కాయకమునుండి మినహాయించుట గౌరవము కాదు.

మననమునకు ప్రశ్నలు

1. దండి భక్తుని కథలో త్రాడు దేనిని సూచించుచున్నది? మీ ఇంటిలో గాని వాడలో గాని అట్టి త్రాడు ఎవరికి అవసరము?
2. పంచసూతకములు లేవను సిద్ధాంతమునకును, వికలాంగ శిశువు పట్ల మన ప్రవర్తనకును గల సంబంధమును చర్చింపుడు.
3. జాలికిని దాసోహమునకును భేదమేమి?
4. మీ మఠమునకు చక్రముల కుర్చీలో వచ్చు బాలుడు ద్వారమునుండి లింగదర్శనము వరకు ఎవరి సహాయమును లేక రాగలడా? మీరే నడచి చూచి వ్రాయుడు.
5. మీ ఎరుకలో బడికి పోని వికలాంగ బిడ్డ కలదా? ఎవరు, ఎన్నడు, ఏ బడికి తీసికొనిపోవలెను?

ఐదవ ప్రశ్నకు మాటతో సమాధానము చెప్పి ఊరకుండరాదు. వచ్చు సంచిక మీ చేతికి అందులోపల ఆ బిడ్డ పేరు ఒక బడి హాజరుపట్టికలో ఉండవలెను. నులియ చందయ్య త్రాళ్లు పేని శివునకు అర్పించెను. మనలో ప్రతివారును ఒక్క త్రాడు పేనగలిగినచో, ఈ పాతనగరములో కోనేటి దరిని నిలిచి ఎదురుచూచుచున్న దండి ఒక్కడును మిగులడు.

శరణు శరణార్థి.